ఒక గది, రెండు గడియారాలు

అందరికీ నమస్కారం.

ఇంట్లో రికార్డింగు చేసుకునేవాళ్లను వేధించే ఒక ‘టిక్కు’ గురించి చెబుతాను, వీణతో మొదలుపెడతాను. మూడేళ్ల కిందట సాలిగ్రామంలో మా ఫ్లాట్‌లో, పడగ్గదినే స్టూడియో చేసుకున్న రోజుల్లో, ఒక పెద్దావిడ వీణ రికార్డు చేస్తున్నాను. వెనక్కి తిప్పి వింటే నాలుగైదు సెకన్లకోసారి సన్నగా ‘టిక్’మంటోంది. ఆవిడ వాయించడం ఆపితే టిక్కు కూడా ఆగిపోతోంది. ఇంకేముంది, తప్పు ఆవిడదే అనుకున్నాను. ‘‘అమ్మా, తీగకు గోరు ఎక్కడైనా అదనంగా తగులుతోందేమో చూస్తారా?’’ అని అడిగేశాను. ఆవిడ ఏమీ అనలేదు. చూశారంతే.

మైకు మార్చాను, కేబుల్ మార్చాను. బఫర్, అంటే కంప్యూటరు ఒక్కో విడతలో తీసుకునే శబ్దం ముక్క, 128 నుంచి 1024కి పెంచాను. ఏసీ కూడా ఆపాను. మే నెల, చెన్నై, ఏసీ లేని గదిలో వీణ! రాత్రి ఫోన్లో స్నేహితుడితో ‘‘క్లాకులో ఏదో తేడా ఉన్నట్టుంది’’ అంటుంటే మా అమ్మ విన్నట్టుంది. తెల్లారేసరికి గోడ గడియారం వంటింట్లోకి చేరింది.

దోషం గడియారానిదేనని అమ్మ సరిగ్గానే పట్టుకుంది, కాకపోతే అది గోడ మీది గడియారం కాదు, శబ్దాన్ని అంకెలుగా మార్చే పెట్టెల్లోపలిది. నా దగ్గర శబ్దాన్ని కంప్యూటరుకు అందించే ఇంటర్‌ఫేస్ ఒకటి, దానికి అడాట్ అనే పద్ధతిలో శబ్దాన్ని వెలుగుగా పంపే ఆప్టికల్ తీగతో కలిపిన, మైకుల సన్నటి సంకేతాన్ని పెంచే ఎనిమిది ఛానళ్ల ప్రీయాంప్ ఒకటి. రెండింటిలోనూ క్లాక్ సోర్స్ ‘ఇంటర్నల్’ అనే ఉంది, అంటే దేని గడియారం దానిదే. పల్లకీ మోసే బోయీల్లో ‘ఓహోం’ అని ఒకరంటే మిగతావాళ్లు ఆ అడుగే వేస్తారు. ముందువాళ్లది ఒక లెక్క, వెనకవాళ్లది ఒక లెక్క అయితే? పెళ్లికూతురు కిందపడదు కానీ మధ్యమధ్య ఒక కుదుపు.

కుదుపు ఎంతో లెక్కేద్దాం. నేను రికార్డు చేసే 48 కిలోహెర్ట్జ్ అంటే సెకనుకు 48,000 శాంపిళ్లు, అంటే శబ్దాన్ని అన్నిసార్లు కొలవడం. రెండు పెట్టెల్లోని క్వార్ట్జ్ స్ఫటికాల మధ్య పది లక్షల్లో 5 పాళ్లు తేడా ఉందనుకోండి, అది చాలా మంచి స్ఫటికాలకు కూడా మామూలే. సెకనుకు 0.24 శాంపిల్, అంటే నాలుగు సెకన్లకు ఒక శాంపిల్ ఎక్కువో తక్కువో అవుతుంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక ఇంటర్‌ఫేస్ వదిలేస్తుంది, లేదా ఉన్నదాన్నే మళ్లీ వాడుతుంది. అలల మధ్య అది చిన్న మెట్టు, చెవికి టిక్కు. నిశ్శబ్దంలో సున్నా పక్కన సున్నా పోయినా ఎవరికీ వినబడదు. అందుకే ఆవిడ ఆగితే టిక్కు ఆగింది. నేను అమాయకంగా గోరును పట్టుకున్నాను.

బఫర్ వల్ల వచ్చే చిటపటలైతే బఫర్ పెంచితే తగ్గుతాయి, ప్లగిన్లు, అంటే సాఫ్ట్‌వేర్‌లో తగిలించుకున్న ఎఫెక్టులు, తీసేస్తే తగ్గుతాయి. ఈ క్లాకు టిక్కులు తగ్గవు, ఫైల్లోకే ఎక్కి కూర్చుంటాయి. అనుమానం ఉంటే ఫోన్‌లోంచి 1,000 హెర్ట్జ్ నాదాన్ని ప్రీయాంప్ లైన్ ఇన్‌పుట్‌కి పంపి ఒక నిమిషం రికార్డు చేయండి. నిలకడ నాదంలో టిక్కు దాక్కోలేదు.

మందు పైసా ఖర్చు లేనిది. ఇంటర్‌ఫేస్ సెట్టింగుల్లోకి వెళ్లి క్లాక్ సోర్స్ ‘అడాట్’ అని మార్చాను, ఇక అది ప్రీయాంప్ గడియారం ప్రకారమే నడుస్తుంది. ఆ ఆప్టికల్ తీగలోనే క్లాకు కూడా వస్తుంది, ఎస్పీడిఫ్ అనే ఇంకో డిజిటల్ తీగలోనూ అంతే. వేరే తీగ అక్కర్లేదు. రెండు పెట్టెలున్న ఇంటికి ఖరీదైన మాస్టర్ క్లాక్ పెట్టె కొనడం దండగని నా అభిప్రాయం. ఆ డబ్బుతో గదికి నాలుగు దళసరి తెరలు కుట్టించుకోండి.

యూఎస్‌బీ మైకు, ఇంటర్‌ఫేస్ కలిపి ఒకే సెషన్‌లో వాడేవాళ్లకు కూడా ఇదే తలనొప్పి. మైకు కడుపులో దాని గడియారం దానికుంటుంది. మ్యాక్‌లో అయితే రెండింటినీ ఒకే పరికరంలా చూపే అగ్రిగేట్ డివైస్ చేసి, గడియారాల తేడాను సర్దే డ్రిఫ్ట్ కరెక్షన్ పెట్టుకోవచ్చు.

క్లాకును మాత్రమే మోసే వర్డ్ క్లాక్ తీగే కావాలంటే ఎలక్ట్రానిక్స్ సామాను దొరికే రిచీ స్ట్రీట్‌కి వెళ్లండి, కానీ బీఎన్‌సీ (దాని చివర ఉండే మెలితిప్పే కనెక్టరు) అనగానే చేతికిచ్చింది తెచ్చుకోకండి. పైతొడుగు మీద ఆర్‌జీ-59 అని చదవండి, అది 75 ఓమ్‌లు, వర్డ్ క్లాక్‌కు కావాల్సింది అదే, సీసీటీవీ వాళ్లు వాడేది. ఆర్‌జీ-58 చూపుకు కవలే, కానీ 50 ఓమ్‌లు.

ఇక స్పీకర్లలో వినబడే ఇంకో చప్పుడు, సన్నటి ‘కీ’మనే ఈల. దాన్ని క్లాక్ సెట్టింగుల్లో వెతక్కండి. యూఎస్‌బీ పాత పద్ధతిలో వెయ్యో వంతు సెకనుకోసారి, హైస్పీడ్‌లో అందులో ఎనిమిదో వంతుకోసారి డేటా మూటలు పంపుతుంది, అందుకే ఆ ఈల తరచు 1,000 దగ్గరో 8,000 హెర్ట్జ్ దగ్గరో నిలుస్తుంది. లాప్‌టాప్ చార్జర్ పీకండి. ఈల పోతే దోషం ఎర్త్ దారిలో ఉంది. అన్నిటికీ కరెంటు ఒకే ప్లగ్గు బోర్డులోంచి తీసుకోండి, స్పీకర్లకు బయటి రొదను కొట్టేసే బ్యాలెన్స్‌డ్ తీగలు వేయండి. ఎర్త్ పిన్ను మాత్రం విరగ్గొట్టకండి. షాకు కొడితే పాడేవాళ్లు పెదవి ఆనించే మైకులోంచే కొడుతుంది.

ఆ పెద్దావిడను మళ్లీ పిలిచి, మొత్తం కొత్తగా రికార్డు చేశాను. ఈసారి ఏసీ వేసే. అయిపోయాక హెడ్‌ఫోన్ పెట్టుకుని చివరిదాకా విన్నారు. తీసి నా చేతిలో పెడుతూ అడిగారు: ‘‘ఇప్పుడు గోరు తగలట్లేదా నాయనా?’’