లేడీబర్న్: తొమ్మిదేళ్లకే మూతపడ్డ స్కాచ్ డిస్టిలరీ

[తెరపై: స్కాట్లాండ్ పటం, నైరుతి తీరాన గిర్వన్]

లేడీబర్న్ సీసా మీద 1978లో కాచిన సరుకని రాసుంటే కొనకండి. ఆ డిస్టిలరీ నడిచిందే 1966 నుంచి 1975 దాకా.

గ్లెన్‌ఫిడిక్, బల్వెనీ రెండూ విలియం గ్రాంట్ అండ్ సన్స్‌వే. కాబట్టి మాల్ట్‌కి, అంటే మొలకెత్తిన బార్లీతో కాచే విస్కీకి, ఆ కంపెనీకి కొదవ లేదు. చిక్కల్లా గ్రెయిన్ విస్కీతోనే, అంటే గోధుమ, మొక్కజొన్న లాంటి గింజలతో కాచేదానితో. మాల్ట్, గ్రెయిన్ కలిపి చేసే మామూలు బ్లెండెడ్ స్కాచ్‌లో సగానికి పైగా అదే ఉంటుంది. దాన్ని బయట కొనాలంటే పెద్ద సరఫరాదారు డిస్టిలర్స్ కంపెనీ, అంటే పోటీదారే. జుట్టు వాళ్ల చేతికిచ్చి ఎన్నాళ్లు వ్యాపారం చేస్తారు? 1963లో గిర్వన్‌లో సొంత గ్రెయిన్ డిస్టిలరీ పెట్టుకున్నారు. మూడేళ్లకు అదే ఆవరణలో మాల్ట్ కాచే లేడీబర్న్ వచ్చింది.

[తెరపై: కాలమ్ స్టిల్, పక్కనే పాట్ స్టిల్]

స్టిల్ అంటే కాచే బట్టీ. గ్రెయిన్ కాచే కాలమ్ స్టిల్‌లో ఒక పక్క వాష్, అంటే పులిసిన ద్రవం, పోస్తుంటే ఇంకో పక్క 94 శాతం దాకా ఉండే స్పిరిట్ ఆగకుండా వస్తుంది. లేడీబర్న్‌వి రాగి పాట్ స్టిల్స్, రెండు జతలు. మాల్ట్ పద్ధతి చాలాచోట్ల ఇదే: మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీని మరపట్టి, వేడినీళ్లలో తీపి దింపి, ఈస్ట్ వేసి పులియబెడితే సుమారు 8 శాతం వాష్. మొదటి కాపులో 20–25 శాతానికి చేరుతుంది. రెండో కాపులో మొదట వచ్చేదీ చివర వచ్చేదీ పక్కకు తీసి, నడిమిదే పీపాలకెత్తుతారు. తీసేసింది పారబొయ్యరు, తర్వాతి కాపులో కలుపుతారు. ప్రతిసారీ స్టిల్ ఖాళీ చేసి మళ్లీ నింపాల్సిందే.

1975లో లేడీబర్న్‌ని ఆపేశారు, ఆపై స్టిల్స్ ఊడదీశారు. మాల్ట్ కావాలంటే గ్లెన్‌ఫిడిక్, బల్వెనీలున్న డఫ్‌టౌన్‌లో ఉంది. గ్రెయిన్ ఆగితే మాత్రం బ్లెండే ఆగుతుంది. గ్రెయిన్ డిస్టిలరీ ఆవరణలో మాల్ట్ విభాగం ఎప్పుడూ అద్దెకున్నట్టే. గ్లాస్గోలో స్ట్రాత్‌క్లైడ్ గ్రెయిన్ డిస్టిలరీ ఆవరణలోని మాల్ట్ డిస్టిలరీ కిన్‌క్లెయిత్‌ కూడా అప్పుడే పోయింది, గ్రెయిన్ విస్తరణకు చోటు కావాలని.

[తెరపై: సీసా లేబుల్, దగ్గరగా]

సరుకులో ఎక్కువ భాగం బ్లెండ్లలోకే వెళ్లిపోయింది. మిగిలిన కొన్ని పీపాల్ని బయటి బాట్లర్లు ‘ఎయిర్‌షైర్’ పేరుతో సీసాకెత్తారు. అందుకే వేలంలో ఆ పేరు కనిపిస్తే కాచిన సంవత్సరం చూడండి, తర్వాత ఆల్కహాల్ శాతం చూడండి. పీపా నుంచి ఏటా సుమారు 2 శాతం ఆవిరైపోతుంది. స్కాట్లాండ్ చెమ్మగాలికి నీళ్లకంటే ఆల్కహాలే ముందు తగ్గుతుంది. 40 శాతం కిందికి దిగితే దాన్ని స్కాచ్ అని అమ్మడానికి చట్టం ఒప్పుకోదు.