వాక్యం కొస మింగకండి
(గుంటూరులోని ఒక డిగ్రీ కళాశాలలో నాటక శిక్షణ శిబిరం ప్రారంభ సభలో చేసిన ప్రసంగం)

సభాధ్యక్షులు ప్రిన్సిపాల్ గారికి, వేదిక మీది పెద్దలకు, ఎదురుగా కూర్చున్న పిల్లలకు నమస్కారం. దండలూ శాలువాలూ అయిపోయాయి కాబట్టి విషయంలోకి వస్తాను. ఈరోజు ఏప్రిల్ 16, కందుకూరి వీరేశలింగం గారి జయంతి, తెలుగు నాటకరంగ దినోత్సవం. 1880లో పంతులుగారు ‘వ్యవహార ధర్మబోధిని’ని తన విద్యార్థుల చేతనే ఆడించారు. అంటే మన నాటకం స్టేజీ ఎక్కిందే చదువుకునే పిల్లలతో. అది మరిచిపోవద్దు.

నన్ను మాట్లాడమన్నది, డిగ్రీ అయ్యాక నాటకం చదవాలంటే దారేమిటని. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనూ, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలోనూ థియేటర్ ఆర్ట్స్ శాఖలున్నాయి. ఢిల్లీలో 1959లో పెట్టిన నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాలో మూడేళ్ల డిప్లొమా ఉంది. మన నంది నాటకోత్సవాల్లో కళాశాలల నాటికలకు వేరే విభాగమే ఉంది. దారులు ఉన్నాయి. ఆ గుమ్మం ముందు నిలబడి మీరు నోరు తెరిస్తే ఏం వినపడుతుందన్నదే నా బాధ.

బాబూ, ఆ మైకు ఒక్క నిమిషం ఆపు. వెనక వరుసలో ఉన్న అమ్మాయిలూ, వినపడుతోందా? చెయ్యెత్తండి. సరే, ఇలాగే మాట్లాడతాను.

తెలుగు వాక్యానికి ప్రాణం కొసలో ఉంటుంది. ‘రేపు మా నాన్నతో కలిసి బెజవాడ వెళ్...’ అని ఊపిరి అయిపోయిందనుకోండి. వెళ్తున్నాడా, వెళ్లడం లేదా? అవునో కాదో తేల్చేది ఆ చివరి రెండక్షరాలే. మన కుర్రాళ్లు మొదటి మాట గట్టిగా పట్టుకుని, క్రియ దగ్గరికి వచ్చేసరికి జారిపోతారు. ముందు వరుసలో కూర్చున్న డైరెక్టరుకి డైలాగు కంఠతా వచ్చు, కాబట్టి ఆయనకి తప్పు తెలియదు. అందుకే రిహార్సల్‌లో కథ తెలియని మనిషి ఒకరు ఎప్పుడూ చివరి వరుసలో కూర్చోవాలి.

దీనికి సాధన చెబుతాను, రాసుకోండి. వెల్లకిలా పడుకుని పొట్ట మీద నోటుపుస్తకం పెట్టుకోండి. గాలి పీలిస్తే పుస్తకం లేవాలి, భుజాలు కదలకూడదు. భుజాలు లేచాయంటే ఊపిరి పైపైనే ఆగింది, మెడ బిగుస్తుంది, అరగంటలో గొంతు రాసుకుపోతుంది. తరవాత నిలబడి, ఒక్క ఊపిరిలో 1 నుంచి 15 దాకా పైకి లెక్కపెట్టండి. పదిహేను కూడా ఒకటి అంత గట్టిగా వినపడాలి. వారానికి రెండేసి అంకెలు పెంచండి. అరవమనడం లేదు. అరిస్తే అచ్చులు సాగిపోతాయి, హల్లులు చచ్చిపోతాయి. మాటను దూరం మోసేది హల్లులు. పద్యనాటకంలో కూడా ఇదే గొడవ: రాగం తీసే హుషారులో పద్యం చివరి పాదం హార్మోనియం కింద పడి నలిగిపోతుంది.

మన పెద్దలకు ఈ సంగతి ఎప్పుడో తెలుసు. నాట్యశాస్త్రంలో మధ్యమ నాట్యగృహం 64 హస్తాల పొడవు, 32 హస్తాల వెడల్పు. హస్తం అడుగున్నర అనుకుంటే 96 అడుగులు, 48 అడుగులు. పొడవులో సగమే ప్రేక్షకులకి. అంటే ఆఖరివాడు కూడా స్టేజీకి 48 అడుగుల్లోపే ఉంటాడు. అంతకు మించి కడితే మాట చెదిరిపోతుందని కారణం కూడా చెప్పారు. మనమేమో కల్యాణమండపాల్లో ఆడి, పైనుంచి మూడు మైకులు వేలాడదీస్తున్నాం. నటులంతా వాటి కింద వరసగా నిలబడతారు. ఇక కదలిక ఎక్కడిది?

ఇంకా ఘోరం, డైలాగులన్నీ ముందే రికార్డు చేసి స్టేజీ మీద పెదవులాడించడం. ఎన్ని కాలేజీల వార్షికోత్సవాల్లో ఇదే తంతు! జనం నవ్వితే నటుడు ఆగాలి, ఆ నవ్వు తగ్గుతుండగా తరవాతి మాట అందుకోవాలి. రికార్డు ఆగదు. రెండు డైలాగులు ఆ నవ్వులోనే కొట్టుకుపోతాయి. ఎదుటివాడు మాట మరిచిపోతే ఆదుకోవడం కూడా ఆ పిల్లలకి ఎప్పటికీ రాదు. దయచేసి మానండి. మాస్టారూ, మీకూ దణ్ణం పెట్టి అడుగుతున్నాను, మానిపించండి.

లైటింగ్ గురించీ మేకప్ గురించీ చెబుదామనుకున్నాను, టైము లేదు. ఒక్కటే: నెత్తిమీద లైట్లు మాత్రమే వేస్తే కళ్లు గుంటల్లో పడిపోతాయి. ఎదురుగా రెండు పక్కల నుంచి, ఏటవాలుగా ముఖానికి వెలుగు రావాలి.

నలభై అయిదు నిమిషాల నాటికకి రోజుకి రెండు గంటల చొప్పున 30 రోజులు కావాలి. మొదటి వారం కూర్చుని చదవడమే, నిలబడొద్దు. రెండో వారం కదలికలు. పన్నెండో రోజు నుంచి అసలు వస్తువులు చేతికి రావాలి. ఉత్త చేతుల్తో కాఫీ తాగడం సాధన చేసినవాడికి ప్రదర్శన రోజున నిండు గ్లాసు ఇస్తే, చూపు దాని మీదే ఉంటుంది, డైలాగు పోతుంది. ఇరవయ్యో రోజుకి చేతిలో స్క్రిప్టు ఉండకూడదు. చివరి మూడు రోజులు సెట్టుతో, లైట్లతో, దుస్తులతో ఆపకుండా ఆడాలి.

ప్రిన్సిపాల్ గారూ, మీరు అడిగింది ఏం కావాలని. డబ్బు తరవాత. ఈ హాలు నెల రోజులు సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా ఇప్పించండి. ఫ్యాన్లు తిరగనివ్వండి, వాటి చప్పుడు దాటి మాట్లాడటం పిల్లలకి రావాలి. మైకు సెట్టు గది తాళం మాత్రం మీ దగ్గరే ఉంచండి.