ఈ-రీడర్ కొనేముందు మీ దగ్గరున్న ఫైళ్లు చూసుకోండి

(తిరుపతి స్టూడియోలో జరిగిన చర్చలో కొంత భాగం)

వ్యాఖ్యాత: నమస్కారం. ఈరోజు మనతో ఎమ్మే తెలుగు చదివే అమ్మాయి, రిటైరైన లెక్చరర్ గారు, ఎలక్ట్రానిక్స్ షాపు నడిపే అన్న ఉన్నారు. అమ్మా, ఈ-పుస్తకాలు చదువుకునే రీడర్ కొని ఇబ్బంది పడ్డానన్నావు కదా, అక్కడి నుంచే మొదలుపెడదాం.

విద్యార్థిని: నేను చిత్తూరు నుంచి రోజూ బస్సులో వస్తానండీ. ఫోన్లో చదివీ చదివీ కళ్లు మండుతున్నాయని ఆరంగుళాల రీడర్ తీసుకున్నా. కిటికీలోంచి ఎండ నేరుగా పడుతున్నా అక్షరం అచ్చు కాగితం మీద ఉన్నట్టే కనిపించింది, ఎంత సంతోషమేసిందో! తీరా చూస్తే నా దగ్గరున్నవన్నీ పీడీఎఫ్‌లు, అందులో సగం పాత పుస్తకాల స్కాన్లు. పేజీ మొత్తం పెడితే ఒత్తులు కనిపించవు, పెద్దది చేస్తే ప్రతి లైనుకీ అటూ ఇటూ జరుపుకోవాలి. వారానికే విసుగొచ్చేసింది.

షాపు యజమాని: పీడీఎఫ్‌లో అక్షరం ఎక్కడ పడిందో అక్కడే ఉంటుందమ్మా, తెర చిన్నదైతే పేజీ మొత్తం చిన్నదైపోతుంది. ఈపబ్ అనే ఈ-పుస్తకాల ఫార్మాట్ అట్లా కాదు, దాని లోపల ఉండేది వెబ్ పేజీల మూటే, అక్షరం సైజు పెంచితే లైన్లు వాటంతటవే సర్దుకుంటాయి.

వ్యాఖ్యాత: మరి పీడీఎఫ్‌ని ఈపబ్‌గా మార్చుకుంటే సరిపోదా?

లెక్చరర్: నేనూ అదే అనుకున్నానండీ. కాలిబర్ అనే సాఫ్ట్‌వేర్‌లో వేసి మారిస్తే తెలుగు బదులు ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులూ కలగాపులగంగా వచ్చాయి. మన డీటీపీ సెంటర్లలో ఏళ్ల తరబడి అను ఫాంట్లతో కంపోజ్ చేశారు, అది కంప్యూటర్లన్నీ ఒకేలా గుర్తుపట్టే యూనికోడ్ కాదు, పైకి తెలుగులా కనిపిస్తుందే గానీ లోపలి కోడ్ వేరు. ఇక స్కాన్లలో ఉండేవి అక్షరాలే కావు, బొమ్మలు. బొమ్మలోని అక్షరాల్ని కంప్యూటర్ చేత చదివించే ఓసీఆర్ చేయొచ్చు, కానీ ఒత్తులు తప్పు పడతాయి, పేజీ పేజీ ప్రూఫ్ చూసుకోవాల్సిందే. టీటీడీ వాళ్లు అన్నమయ్య సంకీర్తనల సంపుటాలు ఉచితంగా పీడీఎఫ్‌లుగా పెట్టారు చూడండి, అందులో ఒక్క ఒత్తు పోయినా పదం మారిపోతుంది, దాంట్లో నేను రాజీపడలేను. అందుకే పదంగుళాల పైన ఉన్నదే తీసుకున్నా. బరువే, ధరా ఎక్కువే, అయినా పేజీ పేజీలాగే కనిపిస్తుంది.

వ్యాఖ్యాత: కళ్లకు నిజంగా తేడా ఉంటుందా?

షాపు యజమాని: ఫోన్లో వెలుతురు తెర నుంచే నేరుగా కళ్లలోకి వస్తుంది. ఈ రీడర్లలో ఉండే ఈ-ఇంక్ తెరలో తెల్లటి, నల్లటి రేణువులు కరెంటుతో పైకీ కిందికీ కదులుతాయి, మనం చూసేది వాటి మీద పడి తిరిగొచ్చే వెలుతురు. రాత్రికి ముందు వైపు లైటుంటుంది, పసుపు రంగుకి మార్చుకునేది దొరికితే తీసుకోండి. అంగుళానికి 300 చుక్కల తెర అడగండి, తెలుగు ఒత్తులకి అది చాలా అవసరం. చాలా రంగుల తెరల్లో నలుపు తెలుపు 300 ఉన్నా రంగులు 150కే వస్తాయి, పైగా తెర కాస్త మసకగా ఉంటుంది, కాబట్టి ఉత్త వచనం చదివేవాళ్లకి నేనైతే వద్దంటాను.

వ్యాఖ్యాత: రీడర్లలో ఏది తీసుకోవాలి, అమెజాన్ వాళ్ల కిండిలా, కోబోనా?

షాపు యజమాని: కోబో ఈపబ్‌ని నేరుగా తెరుస్తుంది. కిండిల్‌కి 2022 నుంచి ఈపబ్ పంపొచ్చు, అది వాళ్ల ఫార్మాట్‌లోకి మారి వస్తుంది. ఏదైనా సరే, డబ్బులు కట్టేముందు మీ తెలుగు ఫైలు ఒకటి అందులో తెరిచి ‘లక్ష్మి’, ‘రాష్ట్రం’, ‘స్వాతంత్ర్యం’ లాంటి మాటలు చూడండి. ఒత్తులు విడిపోయి పక్కన పడుతుంటే వదిలేయండి.

విద్యార్థిని: మరి నేను కొన్నదాన్ని ఏం చేయాలన్నా?

షాపు యజమాని: అమ్మేయాల్సిన పనిలేదు. ముందు పీడీఎఫ్ అంచులు కత్తిరించు, తర్వాత తెరని అడ్డంగా తిప్పు, ఒకసారికి సగం పేజీ వస్తుంది. ఇక్కడే చూడు.

విద్యార్థిని: (తిప్పి చూస్తూ) ఆఁ... ‘రాష్ట్రం’లో రావత్తు కనిపిస్తోందండీ!