కృత్తికల్లో కుర్ర చుక్కలకు అంత దూకుడెందుకు?

(మైపాడు బీచ్. డిసెంబరు అమావాస్య, రాత్రి ఏడు. వెనక పడవలు, వలలు.)

అందరికీ నమస్తే. సముద్రం వైపు తిరిగి తలెత్తండి. చిన్న ముద్దలా గుంపుగా ఉన్నాయే, అవే కృత్తికలు. కార్తీక పున్నమి స్నానాలకు వచ్చినప్పుడు చూద్దామంటే చంద్రుడు పక్కనే ఉండి చూడనియ్యడు. కాస్త కింద ఎర్రగా రోహిణి, దాని వెనకే బండి ఆకారంలో ఇంకో చుక్కల గుంపు, రోహిణీ శకటం. రోహిణి ఆ శకటంలోది కాదులెండి, మనకు దగ్గరగా ఉండి అడ్డమొచ్చిందంతే.

కృత్తికల వయసు సుమారు 12 కోట్ల ఏళ్లు. శకటానిది 65 కోట్లు. మన సూర్యుడికి 460 కోట్లు. మూడు చోట్లా సూర్యుడిలాంటి చుక్కల్నే తీసుకుని ఎక్స్ కిరణాల్లో చూస్తే, కృత్తికల్లోవి ధగధగలాడతాయి, శకటంలోవి ఒక మోస్తరు, సూర్యుడు బాగా వెనక. తేడా తెచ్చేది తిరుగుడు. సూర్యుడు నడుము దగ్గర ఒక చుట్టు తిరగడానికి 25 రోజులు తీసుకుంటాడు. కృత్తికల్లో ఒక్క రోజులోపే చుట్టేసేవి ఉన్నాయి!

(కెమెరా వల తాడు మీదికి.)

ఈ తాడు కొన పట్టుకుని మెలేస్తున్నా. ఇంకా... ఇంకా... చూశారా, ఉచ్చులా పైకి లేచింది! సూర్యుడి లోపల వాయువు ఎసరు తెర్లినట్టు తెర్లుతూ ఉంటుంది. పైగా నడుము ఒక వేగంతో, ధ్రువాలు ఇంకో వేగంతో తిరుగుతాయి. దాంతో అయస్కాంత క్షేత్రం ఇట్లాగే మెలిపడి, ఉచ్చులై బయటికి తన్నుకొస్తుంది. ఆ ఉచ్చుల్లో చిక్కిన పలచటి వాయువు పది లక్షల డిగ్రీలు దాటి కాగుతుంది. అదే కరోనా, ఎక్స్ కిరణాలు అక్కడివే. రోహిణి కార్తెలో రోళ్లు పగలగొట్టే ఉపరితలం వేడి 5,500 డిగ్రీలే, దానికంత శక్తి లేదు.

ఎక్స్ కిరణాలను మన గాలి మింగేస్తుంది. అందుకే ఉపగ్రహాలు కావాలి. 1978లో ఎగిరిన ఐన్‌స్టైన్ ఉపగ్రహం లెక్కలతో 1981లో తేలింది: తిరిగే వేగం రెట్టింపైతే ఎక్స్ కిరణాలు సుమారు నాలుగింతలు. మనవాళ్ల ఆస్ట్రోశాట్ 2015లో, ఆదిత్య 2023లో ఇదిగో, ఈ దక్షిణాన ఉన్న శ్రీహరికోట నుంచే లేచాయి. (2022లో తిరుపతి జిల్లాలో కలిపారు గానీ, మాకు మాత్రం అది నెల్లూరు షారే.)

అయితే దీనికీ ఒక హద్దుంది. మొత్తం వెలుగులో ఎక్స్ కిరణాల వాటా వెయ్యో వంతుకు చేరాక, ఎంత తిరిగినా ఇక పెరగదు. సూర్యుడి వాటా పది లక్షల్లో ఒక వంతు, ఒక్కోసారి అంతకన్నా తక్కువ.

మరి సూర్యుడు ఎందుకు నెమ్మదించాడు? ఒప్పులకుప్ప ఆడేటప్పుడు చేతులు బారజాపితే వేగం తగ్గుతుంది కదా. సూర్యుడి నుంచి వీచే గాలిని ఆ అయస్కాంత క్షేత్రం చాలా దూరం దాకా తనతోపాటే తిప్పుతుంది, ఆ బరువుకు సూర్యుడి తిరుగుడు తగ్గుతుంది. వయసు నాలుగింతలైతే వేగం సగమవుతుందని 1972లోనే స్కుమానిచ్ అనే ఖగోళ శాస్త్రవేత్త చెప్పాడు.

ఒక్క మాట. కృత్తికల్లో మీ కంటికి కనపడే ఆ ఆరేడు చుక్కలు ఈ లెక్కలోకి రావు. అవి బాగా వేడి నీలం చుక్కలు, వాటికి పైన తెర్లే పొర లేదు. ఈ కథంతా వాటి మధ్య నలుసుల్లా ఉండే చుక్కలది. చిన్న టెలిస్కోపు ఉన్నవాళ్లు వచ్చే అమావాస్యకు పట్టుకురండి, నేను ఈడనే ఉంటా.