నా సెలవు సంగతి
(గ్రంథాలయ వారోత్సవాల ముగింపు సభలో ఊరి గ్రంథపాలకురాలు చేసిన ప్రసంగం)

సభకు నమస్కారం. వేదిక మీద పెద్దలు పదకొండు మంది ఉన్నారు. అందరి పేర్లూ హోదాలూ చదివానంటే నాకిచ్చిన పది నిమిషాలూ అక్కడే అయిపోతాయి. అందరూ నా దగ్గర కార్డు ఉన్నవాళ్లే కాబట్టి ఏమీ అనుకోరు.

నాకిచ్చిన అంశం ‘సమాజ వికాసంలో గ్రంథాలయాల పాత్ర’. ఇదిగో, నాలుగు కాగితాలు రాసుకునే వచ్చాను. కానీ ముందు మాట్లాడిన ముగ్గురూ మన కొంకుదురులో పుట్టిన గ్రంథాలయోద్యమ పితామహుడు అయ్యంకి వెంకటరమణయ్య గారితో మొదలుపెట్టి ఆ పాత్ర గురించి చెప్పాల్సిందంతా చెప్పేశారు. అందుకని నేను నా సెలవు గురించి మాట్లాడతాను. నవ్వకండి, నిజంగానే.

మీకు సెలవు ఆదివారం, నాకు శుక్రవారం. ఆదివారం పిల్లలు ఇంట్లో ఉంటే నేను గ్రంథాలయంలో ఉంటాను. శుక్రవారం నేను ఇంట్లో ఉంటే వాళ్లు బడిలో ఉంటారు. మిగతా రోజుల్లో గ్రంథాలయం పొద్దున ఎనిమిది నుంచి పదకొండు, మళ్లీ సాయంత్రం నాలుగు నుంచి ఏడు. మధ్యలో ఖాళీయే కదా అంటారు. ఆ ఖాళీలో ఎక్కడికి వెళ్లి వస్తాం? పడవ మీద పాపికొండలు చూద్దామని మా పిల్లలు ఏడేళ్లుగా అడుగుతున్నారు. వాళ్లకి వీలైతే నాకు కాదు, ఇద్దరికీ కుదిరితే గోదావరికి వరదొస్తుంది. నేను సెలవు పెడితే గ్రంథాలయానికి తాళమే, రెండో మనిషి లేరు. ఈ వారోత్సవాలు కూడా చూడండి, 14న శుక్రవారం నాడే మొదలయ్యాయి. ముగ్గుల పోటీకి పిండి కలిపింది నేనే, అదీ నా సెలవులోనే.

‘లైబ్రరీలో కూర్చునే పనేగా, రోజంతా చదువుకోవచ్చు’ అంటారు. ఒక్క పూట వచ్చి నా కుర్చీలో కూర్చోండి. పేపర్లు సర్దాలి, రిజిస్టరు రాయాలి, పోటీ పరీక్షలకు చదివే పిల్లలు ఫ్యాను కింద చోటు కోసం తగువులాడుకుంటే తీర్చాలి. నాలుగు లైన్లు చదివేలోగా ‘జిల్లా పేజీ ఎవరి దగ్గరుందండీ’ అని ఒకరు వస్తారు. నేను నవల చదివేది సెలవు రోజునే.

చదవకపోతే ఏమైంది అనొచ్చు. మా బీరువాలో నవలలు చాలావరకు 1996 నవంబరు 6 తుఫానుకు తడిసి ఆరినవి. అట్టలు అప్పడాల్లా ఉబ్బిపోయాయి. ఒక నవలకు చివరి ఫారం, అంటే పదహారు పేజీలు, ఊడిపోయింది. కొత్తలో నేనది చూసుకోకుండా మా వీధి మామ్మగారికి ఇచ్చాను. మర్నాడే వచ్చి, ‘ఇంతకీ ఆ పిల్లని ఎవరికిచ్చి చేశారే?’ అని అడిగారు. నాకేం తెలుసు? ‘నీకు తెలీకుండానే ఇచ్చావా!’ అన్నారు. తిట్టినా బాధపడేదాన్ని కాదు. అప్పటినుంచి నేను చదవని నవల ఎవరికీ బావుందని చెప్పను.

అసలు చెప్పాల్సింది మొన్న జనవరిలో కనుమ నాటి సంగతి. మా పుట్టిల్లు నరసాపురం. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కితే అవతలి ఒడ్డే. పండగకి నాకు దొరికిన ఖాళీ ఆ ఒక్క రోజే. సంచిలో అమ్మకి చీర, చేతిలో ‘శప్తభూమి’. బండి నారాయణస్వామి గారి నవల, 2019లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. మా గ్రంథాలయానికి రాలేదు, నేనే కొనుక్కున్నాను. ప్రభల తీర్థానికి అటు నుంచి ఇటు జనం కిటకిటలాడుతుంటే, ఇటు నుంచి అటు నేనూ, రెండు మోటార్‌సైకిళ్లూ. పోటు మీదున్న వశిష్ఠ గోదావరి, చల్లగాలి, మూల బెంచీ. పుస్తకం తెరిచాను. సీమలో పాలెగాళ్ల రోజుల్లోకి వెళ్లిపోయాను.

తల ఎత్తేసరికి ఎదురుగా సఖినేటిపల్లి! పంటు అటు వెళ్లింది, దిగేవాళ్లు దిగారు, ఎక్కేవాళ్లు ఎక్కారు, తిరిగి వచ్చేసింది. టిక్కెట్లు కోసే కుర్రాడు, ‘అటు దిగలేదాండీ? మళ్లీ టిక్కెట్టండి, ఆయ్’ అన్నాడు. ఇంతలో అమ్మ ఫోను. ‘ఎక్కడున్నావే, గారెలు చల్లారిపోతున్నాయి.’ ‘రేవులో’ అన్నాను. ఏ రేవో చెప్పలేదు. తీరా ఇంటికి వెళ్లాక చెబితే, ‘కనుమ నాడు కాకి కూడా కదలదంటారు, నువ్వు పుస్తకం పట్టుకుని మరీ బయల్దేరావు’ అంది.

కృష్ణా కాలువల మీద 1935లోనే పాతూరి నాగభూషణం గారు పడవలో గ్రంథాలయం నడిపారు. నేను వశిష్ఠ మీద నడిపాను, ఒక్క పుస్తకంతో, ఒక్క పాఠకురాలితో, రెండు టిక్కెట్లతో.

గంట కొట్టకండి ప్రెసిడెంటు గారూ, ఇంకొక్కటుంది.

సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి గారి ‘కొండపొలం’ కూడా నేను సెలవులో చదివిందే. 2021లో సినిమాగా వచ్చింది. కరువులో గొర్రెల్ని తోలుకుని నల్లమల ఎక్కే కాపరుల కథ. అది నా సొంత కాపీ, కొబ్బరి దింపు తీసే ఒకాయనకి ఇచ్చాను. మూడు వారాల తర్వాత తెచ్చారు. చదువుతూ ఆగిన చోట గుర్తుకి కొబ్బరి ఈనె ముక్క పెట్టుకున్నారు, నిగనిగలాడేలా గీరి మరీ. తీయబోతే, ‘ఉంచండి, మా ఆవిడ అక్కడిదాకా వచ్చింది, మళ్లీ పట్టికెళ్తాను’ అన్నారు. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, ‘అక్కడ నీళ్లు లేక జీవాల్ని కొండెక్కిస్తారు, మనం నీళ్లెక్కువై గేదెల్ని ఏటిగట్టు ఎక్కిస్తాం. తోలేవాడి తిప్పలు మాత్రం ఒకటేనండి’ అన్నారు. ఆ నవల మీద వచ్చిన సమీక్షలు కొన్ని చదివాను. ఈ మాట ఎవరూ రాయలేదు.

అలాంటి పాఠకులు ఊళ్లో ఉన్నారు. కొత్త నవలలే లేవు. మీరు కట్టే ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను. అది మీ డబ్బు. ఆ హక్కుతో ఒక అర్జీ రాయండి. ఏటా కొత్త నవలలు పంపమనండి, నాకు తోడు ఇంకో మనిషిని వేయమనండి. నేను రాస్తే ఉద్యోగి గొడవ అంటారు. మొదటి సంతకం ముందు వరసలో ఉన్న లెక్కల మాస్టారిది. అవును మాస్టారూ, మీరే. రోజూ ఏడున్నరకే వచ్చి అరుగు మీద కూర్చునేది మీరేగా.

సంక్రాంతికి హైదరాబాద్ నుంచీ బెంగళూరు నుంచీ మీ పిల్లలొస్తారు. తిరిగి వెళ్లేటప్పుడు సున్నుండలూ పూతరేకులూ కొబ్బరికాయలూ కూరి పంపుతారు కదా. బ్యాగులో చదివేసిన నవల ఏదైనా ఉంటే తీసి నాకివ్వండి, వాళ్లకి బరువు తగ్గుతుంది.

సరే, చీటీ పంపించారు, ముగిస్తున్నాను. గడువు దాటిన పుస్తకాలున్నవాళ్లు ఈ హాల్లో ముగ్గురున్నారు, ఇద్దరు వేదిక మీదే. పేర్లు చెప్పను. ఎల్లుండి పొద్దున ఎనిమిదికి తెచ్చివ్వండి. రేపు శుక్రవారం, దయచేసి మా ఇంటికి తేకండి. మధురాంతకం నరేంద్ర గారి ‘మనోధర్మపరాగం’ సగంలో ఉంది.