పెదవికి తొమ్మిది కుట్లు, మళ్లీ కోర్టులోకి: రాబర్ట్ జవోర్స్కీ కథ

నమస్తే అండీ. 1985 అక్టోబరుకి వెళ్దాం. మనీలాని ఆనుకుని ఉన్న పసిగ్‌లో అల్ట్రా అని ఒక ఇండోర్ స్టేడియం. హినెబ్రా శాన్ మిగెల్‌కీ, ఎన్‌సీసీ అనే సిమెంట్ కంపెనీ జట్టుకీ బాస్కెట్‌బాల్ మ్యాచ్ జరుగుతోంది. ఎన్‌సీసీ ఆటగాడు జెఫ్ మూర్ మోచెయ్యి వచ్చి హినెబ్రా ఆటగాడి మూతికి తగిలింది. పెదవి చీలిపోయింది. ఆసుపత్రికి తీసుకెళ్లారు. తొమ్మిది కుట్లు పడ్డాయి.

ఆ వెళ్లినవాడు ఉత్త ఆటగాడు కాదండీ, ఆ జట్టుకి కోచ్ కూడా అతనే. అప్పటికి వయసు 39. పేరు రాబర్ట్ జవోర్స్కీ.

అతను లేనప్పుడు హినెబ్రా వెనకబడిపోయింది. జనం నీరుగారిపోయారు. ఇంతలో తలుపు దగ్గర కేకలు. మూతికి కట్టుతో జవోర్స్కీ నడుచుకుంటూ వస్తున్నాడు. వచ్చి బెంచీ మీద కూర్చుని సైగలు చేస్తాడనుకుంటాం కదా? కాదు, కోర్టులోకి దిగాడు! హాలంతా లేచి నిలబడింది. ఎదుటి జట్టుకి కాళ్లు తడబడ్డాయి. హినెబ్రా ఆ మ్యాచ్ గెలిచింది. ఆ జట్టు అభిమానులు ఈ రోజుకీ చెప్పుకునే 'నెవర్ సే డై' అన్న మాటకి ప్రాణం పోసింది ఆ రాత్రే.

ఫిలిప్పీన్స్‌లో బాస్కెట్‌బాల్ అంటే ఏమిటో అక్కడ మెడిసిన్ చదువుతున్న మన తెలుగు పిల్లల్ని అడగండి, మీ బంధువుల్లోనే ఎవరో ఒకరు ఉంటారు. సందు సందుకీ ఒక రింగు ఉంటుంది. స్థలం లేకపోతే కొబ్బరిచెట్టుకి చెక్క కొట్టి దానికి ఇనప రింగు బిగిస్తారు. చెప్పులతోనే ఆడేస్తారు. 1954 ప్రపంచ పోటీల్లో ఫిలిప్పీన్స్‌కి కాంస్యం వచ్చింది. ఆసియా జట్టు ఏదీ ఈ నాటికీ అంతకు మించి వెళ్లలేదు. ఆ జట్టులో పెద్ద దిక్కు కాలోయ్ లోయ్‌జాగా. ఆ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

జవోర్స్కీ పుట్టింది 1946లో, కొండ మీది ఊరు బాగియోలో. నాన్న పోలిష్ మూలాలున్న అమెరికన్, అమ్మ ఫిలిపినా. మనీలాలో యూనివర్సిటీ ఆఫ్ ది ఈస్ట్‌కి ఆడేటప్పుడు అతని కోచ్ బేబీ దలుపన్. 1967లో దేశం తరఫున ఆడి సియోల్‌లో ఆసియా టైటిల్ గెలిచాడు. అప్పటి జాతీయ జట్టు కోచ్ ఎవరనుకున్నారు? ఆ లోయ్‌జాగానే. ఆట మానేసి కోచ్ అయిన మనిషి ఎలా ఉంటాడో జవోర్స్కీ ఇరవై ఒక్క ఏళ్లకే దగ్గరనుంచి చూశాడు. మరుసటి ఏడు మెక్సికో ఒలింపిక్స్‌కి కూడా వెళ్లాడు.

ఇక చేదు సంగతి. 1971లో మెరాల్కో జట్టుకి ఆడుతూ, ఒక మ్యాచ్‌లో రిఫరీల మీద చెయ్యి చేసుకున్నాడు. తోటి ఆటగాడు బిగ్ బాయ్ రెయ్నోసో కూడా అంతే. ఇద్దరికీ జీవితకాల నిషేధం వేశారు. నేనైతే దీన్ని సమర్థించను. రిఫరీ ఎంత తప్పు చేసినా కొట్టే హక్కు ఎవరికీ లేదు. 1973లో మనీలాలోనే ఆసియా పోటీలు పెట్టుకోవాల్సి వచ్చేసరికి ఆ నిషేధం ఎత్తేశారు. ఆ టైటిల్ ఫిలిప్పీన్స్‌కే వచ్చింది.

1975లో పీబీఏ, అంటే ఫిలిప్పీన్ బాస్కెట్‌బాల్ అసోసియేషన్, మొదలైంది. ఆసియాలో మొట్టమొదటి ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్ అది. జవోర్స్కీ టొయోటా జట్టులో, పక్కన పొడుగు మనిషి రామన్ ఫెర్నాండెజ్. ఎదురుగా క్రిస్పా జట్టు. టొయోటా, క్రిస్పా ఆడుతున్నాయంటే ఇళ్లలో అన్నదమ్ములు మాట్లాడుకునేవారు కాదట. 1978లో జవోర్స్కీ ఆ లీగ్ ఎంవీపీ, అంటే ఆ ఏటి మేటి ఆటగాడు, అయ్యాడు.

అలాంటి టొయోటా 1984లో మూతపడి, ఆటగాళ్లతో సహా మరో కంపెనీ చేతికి పోయింది. ఫెర్నాండెజ్ ఆ కొత్త జట్టుకి వెళ్లాడు. జవోర్స్కీ ససేమిరా అన్నాడు. సరుకు అమ్మినట్టు మనుషుల్ని అమ్మేస్తారా అని అతని బాధ. ఫ్రాన్సిస్ అర్నైజ్‌ని వెంటబెట్టుకుని గిల్బీస్ జిన్ అనే జట్టులో చేరాడు. అదే హినెబ్రా అయింది. అప్పట్నుంచీ ఫెర్నాండెజ్‌తో మాటల్లేవు.

1985లో కోచ్ బాధ్యత కూడా తీసుకున్నాడు. ఆడుతూనే కోచ్‌గా ఉండటం ఎంత కష్టమో కాస్త ఆలోచించండి. టైమ్‌అవుట్ ఎప్పుడు అడగాలి, ఎవర్ని కోర్టులోకి దించాలి, ఎవర్ని బయటికి పిలవాలి, అన్నీ అతనే చూసుకోవాలి. అన్నిటికంటే కష్టం, తనను తాను ఎప్పుడు కోర్టులోకి దింపుకోవాలన్నది. వయసు మీద పడేకొద్దీ బెంచీ మీదే ఎక్కువసేపు కూర్చునేవాడు. జట్టు వెనకబడిందంటే పై సీట్లలోంచి జనం అతని పేరు అరవడం మొదలుపెట్టేవాళ్లు. అతను లేచి పైన వేసుకున్న జాకెట్ విప్పాడా, ఇక హాలు హాలులా ఉండేది కాదు. అతని ఎత్తుగడలు గొప్పవి కావని చాలామంది విశ్లేషకులు అంటారు. నేను ఒప్పుకోను. కుర్రాడు అలసిపోయానని సాకు చెప్పడానికి లేని జట్టుని తయారు చేశాడు, ఎందుకంటే పక్కనే నలభై దాటిన కోచ్ నేల మీద పడి బంతి కోసం పెనుగులాడుతున్నాడు! అంతకన్నా పెద్ద ఎత్తుగడ ఏముంటుంది?

1986లో బిల్లీ రే బేట్స్, మైకేల్ హ్యాకెట్ అనే విదేశీ ఆటగాళ్లతో మొదటి టైటిల్. 1988లో విదేశీయులు లేని ఆల్ ఫిలిపినో టైటిల్. అతని జట్టులో చిటో లోయ్‌జాగా అనే ఆటగాడు ఉండేవాడు. ఇందాక గుర్తుపెట్టుకోమన్నానే, ఆ కాలోయ్ కొడుకే. తండ్రి దగ్గర నేర్చుకున్నవాడే కొడుక్కి కోచ్ అయ్యాడు.

1989 ఆల్‌స్టార్ మ్యాచ్ దగ్గర నన్ను కాసేపు ఆగనివ్వండి. సీనియర్లు ఒకవైపు, కుర్రాళ్లు ఒకవైపు. సీనియర్ల కోచ్ బేబీ దలుపన్. ఒకే జట్టులో జవోర్స్కీ, ఫెర్నాండెజ్. అయిదేళ్లుగా ఇద్దరికీ మాటల్లేవు. స్కోరు 130-130, మిగిలింది కొన్ని సెకన్లు. బంతిని గీత బయటనుంచి లోపలికి అందించాల్సింది జవోర్స్కీ. అందించాడు, ఫెర్నాండెజ్‌కి! ఫెర్నాండెజ్ కుర్రాళ్ల జట్టులోని బెంజీ పరాస్‌ని దాటుకుని బుట్టలో వేశాడు. 132-130. అప్పుడు ఆ పెద్దాయన దలుపన్ ఇద్దర్నీ చేతులు కలపమన్నాడు. కలిపారు. ఆ వీడియో ఎప్పుడు చూసినా నాకు గొంతు పట్టేస్తుంది.

మరుసటి ఏడే పాత కోపం మళ్లీ లేచింది. 1990 ఫైనల్లో షెల్ జట్టు మీద ఆడుతూ, రిఫరీల నిర్ణయాలు అన్యాయమని మ్యాచ్ మధ్యలో జట్టుని తీసుకుని బయటికి వెళ్లిపోయాడు. తిరిగి రాలేదు. టైటిల్ షెల్‌కి పోయింది, జట్టుకి భారీ జరిమానా పడింది. టికెట్ కొనుక్కుని వచ్చిన జనానికి అది అన్యాయమే. అదే ఏడు బీజింగ్ ఆసియా క్రీడలకి ప్రొఫెషనల్ ఆటగాళ్లతో వెళ్లిన తొలి ఫిలిప్పీన్స్ జట్టుకి కోచ్ కూడా అతనే. ఫైనల్లో చైనా చేతిలో ఓడి రజతంతో వచ్చారు.

1991లో మళ్లీ ఫైనల్, మళ్లీ షెల్. ఏడు మ్యాచ్‌ల సిరీస్‌లో హినెబ్రా 1-3తో వెనకబడింది. అలాంటి చోటునుంచి పీబీఏలో అంతవరకూ ఎవరూ తేరుకోలేదు. అయిదోది గెలిచారు, ఆరోదీ గెలిచారు. ఏడో మ్యాచ్ 102-102. ఆఖరి బంతి రూడీ డిస్ట్రిటో చేతిలో. పొడుగు చేతుల మధ్యలోకి దూరి, పడిపోతూ వేశాడు. ఒక్క సెకను ఉండగా లోపలికి పడింది. 104-102!

1997లో, 50 ఏళ్లు నిండాక, చివరిసారి కోర్టులో ఆడాడు. అదే ఏడాది కోచ్‌గా నాలుగో టైటిల్, టిమ్ కోన్ నడిపిస్తున్న అలాస్కా జట్టు మీద. 1998లో సెనేటర్‌గా గెలిచి, ఆ ఏడే జట్టు వదిలాడు. మరుసటి ఏడు ఆ జట్టు పేరు బరంగాయ్ హినెబ్రా అయింది. బరంగాయ్ అంటే వాళ్ల భాషలో ఊరు, వాడ. అభిమానులు ముందునుంచీ తమని తాము పిలుచుకునే మాటే అది.

2012 జులైలో అరనెటా కొలీజియంలో అతని 7వ నంబరు జెర్సీని పైకెత్తి, ఆ నంబరు ఇక ఎవరికీ ఇవ్వబోమన్నారు. 66 ఏళ్ల మనిషి కింద నిలబడి తలెత్తి చూస్తున్నాడు. అతను ఆట మానేసి అప్పటికి పదిహేనేళ్లు. అయినా గ్యాలరీలో జనం ఇంకా అతని పేరే అరుస్తున్నారు.