దాణా ధర పెరిగితే అందరూ ఆకాశం వైపే చూస్తారెందుకు?

దాణా రేటు పెరిగిన ప్రతిసారీ అవే రెండు మాటలు వింటుంటాం. "ఈ ఏడు వానల్లేవు, మొక్కజొన్న పోయింది." లేదంటే, "వ్యాపారులు స్టాక్ దాచేశారు." ఒక్కోసారి రెండూ నిజమే, కాదనను. కానీ ఆ లెక్క ఒక సీజన్‌కే సరిపోతుంది. ఇరవై, ముప్పై ఏళ్లలో దాణా ఖర్చు ఎందుకు ఇటు తిరిగిందో, అటు ఎందుకు వెళ్లలేదో దాంతో తేలదు. ఈ విషయం నన్ను చాలా రోజులుగా కుదురుగా ఉండనివ్వట్లేదు.

కాలువ చివరి ఆయకట్టులో ఒక రైతు ఉన్నాడనుకోండి. పొలానికి నీళ్లు తగ్గాయి. ఆయన మబ్బుల వైపు చూస్తాడు. అసలు సంగతి ఎక్కడో పైన తూము దగ్గర జరిగింది. ఇంకెవరి కోసమో తలుపు దించారు. కోళ్లు, పందులు, పశువులు పెంచేవాళ్లంతా ఆ చివరి ఆయకట్టువాళ్లే. వ్యవసాయ విధానమే ఆ తూము. దాన్ని తిప్పేటప్పుడు చాలాసార్లు దాణా ఎవరికీ గుర్తుండదు. ధాన్యం రైతు గుర్తుంటాడు, పెట్రోలు గుర్తుంటుంది.

[తెరపై: యూరప్ పటం, 1962]

నాకు అన్నిటికంటే ఇష్టమైన ఉదాహరణ ఇది. 1962లో యూరప్ దేశాలు ఉమ్మడి వ్యవసాయ విధానం మొదలుపెట్టాయి. తమ ధాన్యం రైతుకు మంచి ధర ఇవ్వాలని బయటి ధాన్యం మీద భారీ లెవీ, అంటే దిగుమతి పన్ను, వేశాయి. అయితే దాదాపు అదే సమయంలో జరిగిన వాణిజ్య చర్చల్లో, సోయా గింజలకూ సోయా చెక్కకూ (నూనె తీశాక మిగిలే పిప్పి) సుంకం సున్నా అని అమెరికాకు మాటిచ్చేశాయి. కర్రపెండలం మీద కూడా సుంకం నామమాత్రమే. అంటే పెద్ద తూము మూసి, పక్కనున్న చిన్న తూము తెరిచి వదిలేశారు. నీళ్లు ఊరుకుంటాయా?

దాణా మిల్లులో ఏం జరిగిందో దగ్గర్నుంచి చూద్దాం. కర్రపెండలంలో పిండి దండిగా ఉంటుంది, ప్రొటీన్ మాత్రం రెండు మూడు శాతమే. ఒట్టి కర్రపెండలం పెడితే పంది ఎదగదు. కానీ 80 కిలోల ఎండు కర్రపెండలంలో 20 కిలోల సోయా చెక్క కలపండి. కర్రపెండలం నుంచి సుమారు 2 కిలోల ప్రొటీన్, సోయా చెక్క నుంచి దాదాపు 9 కిలోలు. మొత్తం 11. వంద కిలోల బార్లీలోనూ దాదాపు అంతే ఉంటుంది! యూరప్‌లో బార్లీ ప్రియం, ఈ మిశ్రమం చవక. మిల్లువాడికి ఇంకేం కావాలి?

అలా నెదర్లాండ్స్ పందులు థాయిలాండ్ కర్రపెండలం, అమెరికా సోయా తిన్నాయి. యూరప్ సొంత ధాన్యమేమో గోదాముల్లో పేరుకుపోయింది. దాన్ని రాయితీ ఇచ్చి మరీ విదేశాలకు పంపాల్సి వచ్చింది. అటు థాయిలాండ్ ఈశాన్య ప్రాంతంలో కర్రపెండలం సాగు విపరీతంగా పెరిగింది. ఆ రైతుల పంటను నిర్ణయించింది అక్కడి వాన కాదు, యూరప్ సుంకాల పట్టిక. ఇది నాకు ఇప్పటికీ ఆశ్చర్యంగానే ఉంటుంది.

1982లో థాయిలాండ్‌తో ఒప్పందం చేసుకుని ఆ దిగుమతులకు పరిమితి పెట్టారు. అసలు మలుపు 1992లో వచ్చింది. అప్పటి వ్యవసాయ కమిషనర్ రే మాక్‌షారీ ధాన్యం మద్దతు ధరను దాదాపు మూడో వంతు తగ్గించి, రైతుకు ఎకరాల లెక్కన నేరుగా డబ్బు ఇచ్చే పద్ధతి తెచ్చారు. పెద్ద తూము తెరుచుకుంది. గోధుమ, బార్లీ మళ్లీ దాణాలోకి వచ్చాయి. అంటే పంది మేతలో ఏముండాలో ముప్పై ఏళ్లపాటు చట్టమే తేల్చింది.

తూము తిప్పితే తిరిగి వెనక్కి తిప్పొచ్చు కదా అంటారేమో. అన్నిసార్లూ కుదరదు. 1973లో దేశంలో ధరలు మండిపోతున్నాయని అమెరికా సోయా ఎగుమతులు ఆపేసింది. ఆ ఆంక్షలు నిలిచింది కొద్ది నెలలే. కానీ అమెరికా సోయా మీద ఆధారపడిన జపాన్‌కు గట్టి దెబ్బ తగిలింది. తర్వాత కొన్నేళ్లకు బ్రెజిల్ సెరాడో మైదానాల్లో సాగుకు జపాన్ డబ్బు పెట్టింది. ఈలోగా బ్రెజిల్ కూడా సొంతంగా పరిశోధన పెంచుకుంది. పైన తలుపు మళ్లీ ఎత్తారు, నిజమే. అప్పటికే కింద ఇంకో కాలువ తవ్వుకున్నారు. ఈ రోజు ప్రపంచంలో సోయా ఎక్కువగా ఎగుమతి చేసేది బ్రెజిల్.

[తెరపై: మొక్కజొన్న గింజ అడ్డుకోత]

ఇక ఇథనాల్, అంటే మొక్కజొన్న పిండి నుంచి తీసి పెట్రోలులో కలిపే ఆల్కహాల్. 2005, 2007 చట్టాలతో అమెరికా పెట్రోలులో జీవ ఇంధనం కలపడం తప్పనిసరి చేసింది. ఇప్పుడు అక్కడి మొక్కజొన్నలో మూడో వంతుకు పైగా ఇథనాల్ ప్లాంట్లకే వెళ్తోంది. "దాణాను బండ్లు తాగేస్తున్నాయి" అని కొందరు, "మిగిలిన పిప్పి దాణాగా తిరిగొస్తుందిగా" అని కొందరు వాదించుకుంటారు. ఇద్దరూ సగమే చెబుతున్నారు. గింజ బరువులో దాదాపు మూడో వంతు డీడీజీఎస్‌గా, అంటే ఇథనాల్ తీశాక ఎండబెట్టిన పిప్పిగా, తిరిగొస్తుంది. పిండి పోతుంది కాబట్టి 8 శాతం ప్రొటీన్ కాస్తా 27 దాకా చేరుతుంది. గింజలో బూజు విషం ఉంటే అదీ అలాగే మూడింతలవుతుంది. నెమరేసే పశువులు ఈ పిప్పిని హాయిగా అరిగించుకుంటాయి. కోడికి కావాల్సింది ఆ పోయిన పిండే. పైగా ఇందులో పీచు ఎక్కువ, కోడి ఎదగడానికి కావాల్సిన లైసిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ. అందుకే ఒకే చట్టం పశువులవాళ్లకు కొంత ఊరటనిస్తే, కోళ్లవాళ్ల మీద ఎక్కువ భారం వేస్తుంది. "దాణా ఖర్చు పెరిగింది" అని అందరినీ ఒకే గాటన కట్టడం అందుకే సరికాదంటాను.

టైమ్ అయిపోతోంది, చైనా సంగతి గబగబా చెప్పేస్తాను. 2007 తర్వాత ప్రభుత్వం మొక్కజొన్నను మంచి ధరకు కొని నిల్వ చేసింది. మిల్లులు ఏం చేశాయి? విదేశీ జొన్న, బార్లీ, డీడీజీఎస్ తెచ్చుకున్నాయి. అచ్చం యూరప్ కథే! 2016లో ఆ కొనుగోలు పద్ధతి ఎత్తేశారు. పేరుకున్న నిల్వలు వదిలించుకోవాలని 2017లో దేశమంతటా పెట్రోలులో ఇథనాల్ కలుపుతామని ప్రకటించారు. నిల్వలు కరిగాక ఆ లక్ష్యాన్ని పక్కన పెట్టారు. 2020 చివరికి మొక్కజొన్న మళ్లీ ప్రియమైంది. మిల్లులు ఈసారి గోధుమ వైపు తిరిగాయి.